పై దేశాల్లో పని: సిక్కోలు కుర్రకారు అడిగే ప్రశ్నలు

నేను ఐటీఐలో వెల్డింగ్ చెప్పి రిటైరయ్యాను. మాది సిక్కోలు, అంటే శ్రీకాకుళం జిల్లాలో సోంపేట వైపు పల్లె. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలున్న ఇళ్లల్లో కూడా ఒక మనిషైనా బయట ఉంటాడు. ఒకడు గుజరాత్‌లోని వెరావల్‌లో చేపల బోటు మీద, ఒకడు హైదరాబాద్‌లో, ఒకడు గల్ఫ్‌లో. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు తోటలు నేలమట్టమయ్యాక మా వీధిలోనే ముగ్గురు పాస్‌పోర్టుకు పెట్టుకున్నారు. నా దగ్గర చదివినవాళ్లు, వాళ్ల తమ్ముళ్లు, ఈమధ్య వాళ్ల పిల్లలు కూడా ఫోన్ చేసి అడిగే ప్రశ్నలివి. అందరికీ చెప్పి చెప్పి గొంతు పోతోంది. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. నేను ఏజెంటును కాను, ఎవరినీ ఎక్కడికీ పంపను. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నా.

జపాన్‌తో ఒప్పందం, జర్మనీతో ఒప్పందం అని టీవీలో చెబుతుంటారు. దానివల్ల మా ఊరి కుర్రాడికి ఏటి వస్తుంది మాస్టారూ?

సంతకాలు పడినంత మాత్రాన ఉద్యోగం రాదు. అలాంటి ఒప్పందంలో ముఖ్యంగా తేల్చేవి మూడు: మనుషుల్ని ఎవరు పంపాలి, వెళ్లేవాడు ఏ పరీక్ష పాసవ్వాలి, అక్కడ జీతం, హక్కులు ఎలా ఉండాలి. ఒప్పందం లేని దారిలో ఈ మూడూ ఏజెంటు నోటిమాట మీద నడుస్తాయి. తేడా అంతా అక్కడే ఉంది.

ఆ దేశాలు మన మీద దయతో పిలవడం లేదు. జపాన్‌లో, జర్మనీలో ముసలివాళ్లు పెరిగిపోయారు, పనిచేసే వయసువాళ్లు తగ్గిపోయారు. మన దగ్గర లెక్క తిరగబడి ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ మరో సంస్థతో కలిసి 2024లో మన దేశం మీద ఇచ్చిన ఉపాధి నివేదిక ప్రకారం, మొత్తం నిరుద్యోగుల్లో చదువుకున్న యువత వాటా 2000లో 54.2 శాతం, 2022 నాటికి 65.7 శాతం. చదువు లేనివాడు ఏదో ఒక కూలికి వెళ్తాడు. చదివినవాడు ఖాళీగా కూర్చుంటాడు. మా రచ్చబండ దగ్గర కూర్చుంటే నివేదిక చదవకుండానే ఇది తెలుస్తుంది.

ఇక నేను చూసిన చిక్కు వేరు. ఒప్పందం ఢిల్లీలో కుదురుతుంది. దాని వివరం కంచిలి దాకా రావడానికి ఏళ్లు పడుతుంది. సబ్ ఏజెంటు మాత్రం మర్నాడే వచ్చేస్తాడు, అదే ఒప్పందం పేరు చెప్పి. కాబట్టి వాడికంటే ముందు ఆ వివరం మీ చేతిలో ఉండాలి. కింద రాసిందంతా అందుకోసమే.

ఐక్యరాజ్యసమితి, ఐఎల్ఓ లాంటివి మనకెందుకు?

పోటీ పరీక్షకు చదివేవాళ్లకి ఉపయోగపడతాయని కొంచెం చెబుతాను. ఐఎల్ఓ, అంటే అంతర్జాతీయ కార్మిక సంస్థ, 1919లో పుట్టింది. భారతదేశం దాని వ్యవస్థాపక సభ్యదేశం. 2015లో ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 8వది గౌరవప్రదమైన పని గురించి, అందులో యువత ఉపాధి ప్రత్యేకంగా ఉంది. ఐఎల్ఓ లెక్కలో యువత అంటే 15 నుంచి 24 ఏళ్లు, మన జాతీయ యువజన విధానంలో 15 నుంచి 29. మా ఊళ్లో మాత్రం పెళ్లి కాకపోతే నలభై ఏళ్లకీ కుర్రాడే.

మనకు నిజంగా పనికొచ్చే ముక్క ఒకటుంది. పనివాడిని పిలిపించుకునే ఖర్చు యజమాని పెట్టుకోవాలి, పనివాడి దగ్గర వసూలు చేయకూడదు అన్నది ఐఎల్ఓ సూత్రం. 1997 నాటి 181వ ఒడంబడికలో అలాగే రాసుంది. దాన్ని మన దేశం ఇంకా ఆమోదించలేదు. అందుకే మన చట్టంలో ఏజెంటు డబ్బు తీసుకోవచ్చు, కానీ ఒక పరిమితి దాకానే. ఆ పరిమితి ఎంతో తెలియకే మనవాళ్లు మునిగిపోతున్నారు. దాని సంగతి గల్ఫ్ ప్రశ్న దగ్గర చెబుతాను.

జపాన్ దారి ఎలా ఉంటుంది? ఐటీఐ చదివినవాడికి పనికొస్తుందా?

పనికొస్తుంది. నన్నడిగితే ఇప్పుడున్న దారుల్లో ఓపిక ఉన్నవాడికి ఇదే మంచిది. దీని గురించే కొంచెం ఎక్కువ రాస్తాను.

జపాన్‌కి రెండు రకాల దారులున్నాయి. పాతది టెక్నికల్ ఇంటర్న్ దారి, దీని మీద 2017లో మన దేశంతో ఒప్పందం కుదిరింది. అందులో వెళ్లినవాడు కంపెనీ మారడానికి వీల్లేదు. మంచి యజమాని దొరికితే అదృష్టం, లేకపోతే పళ్లు బిగబట్టి ఉండాలి. దీని మీద జపాన్‌లోనే విమర్శలు వచ్చి, 2024లో దాన్ని రద్దు చేసే చట్టం చేశారు. దాని స్థానంలో వచ్చే కొత్త పద్ధతిలో కొన్ని షరతుల మీద యజమానిని మారే వీలుంటుంది. కొత్తది 2027లో మొదలయ్యేలా పెట్టారు. అందువల్ల ఎవరైనా ఇంటర్న్ పేరు చెబితే, పాతదా కొత్తదా అని అడగండి.

రెండోది స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ దారి. జపాన్ దీన్ని 2019 ఏప్రిల్‌లో మొదలుపెట్టింది, మన దేశంతో 2021 జనవరిలో ఒప్పందం కుదిరింది. మొదట 14 రంగాలుండేవి, 2024లో మొత్తం 16 చేశారు. ముసలివాళ్ల సంరక్షణ, భవన నిర్మాణం, ఓడల తయారీ, వ్యవసాయం, చేపల పని, హోటళ్లు, ఆహార తయారీ, వాహనాల రిపేరు, డ్రైవింగ్, రైల్వే లాంటివి వీటిలో ఉన్నాయి. ఈ జాబితా చూసినప్పుడు మన జిల్లా మనుషుల్ని చూసి రాశారా అనిపించింది నాకు. ఓడల తయారీలో వెల్డర్లు కావాలి, చేపల పని మన తీరం వాళ్లకి పుట్టుకతో వచ్చిందే.

18 ఏళ్లు నిండాలి. రెండు పరీక్షలు పాసవ్వాలి: ఒకటి ఆ రంగం పని మీద, రెండోది జపనీస్ భాష మీద. సంరక్షణ పనికైతే ఆ రంగానికి సంబంధించిన భాషా పరీక్ష ఇంకోటి ఉంటుంది. జీతం అదే పని చేసే జపాన్ వాడికి ఇచ్చేదానికి తగ్గకూడదని నిబంధన. డిపాజిట్ కట్టించుకోవడం, మధ్యలో మానేస్తే జరిమానా అని రాయించుకోవడం నిషేధం. అదే రంగంలో కంపెనీ మారవచ్చు. మొదటి అంచెలో ఎక్కువలో ఎక్కువ అయిదేళ్లు ఉండవచ్చు, పెళ్లాం పిల్లల్ని తీసుకెళ్లడానికి లేదు. రెండో అంచె పరీక్ష పాసైతే వీసా పొడిగించుకుంటూ పోవచ్చు, కుటుంబాన్నీ తీసుకెళ్లవచ్చు.

2025 ఆగస్టులో రెండు దేశాలు ఇంకో మాట అనుకున్నాయి. అయిదేళ్లలో అటూ ఇటూ కలిపి 5 లక్షల మంది రాకపోకలు సాగించాలని, అందులో ఇక్కడినుంచి నైపుణ్యం ఉన్నవాళ్లు, నేర్చుకోగలవాళ్లు 50,000 మంది వెళ్లాలని. అంకె పెద్దదే. కానీ దేశం మొత్తానికి 50,000. జపనీస్ రానివాడికి అందులో ఒక్కటి కూడా లేదు.

జపనీస్ ఎన్నాళ్లకి వస్తుంది? నాకు ఇంగ్లీషే సరిగా రాదు.

ఇంగ్లీషు రాకపోతే ఏం ఫర్వాలేదు, అది అడగరు. జపనీస్‌లో ఎన్5 మొదటి మెట్టు, ఎన్4 రెండోది. మీకు ఎన్4 స్థాయి కావాలి, లేదా ఈ వీసా కోసమే పెట్టిన బేసిక్ పరీక్ష పాసవ్వాలి. రోజూ మూడు నాలుగు గంటలు కూర్చుంటే ఆరు నుంచి పది నెలలు పడుతుందని నేను చూసిన పిల్లల్ని బట్టి చెబుతున్నా. తెలుగువాళ్లకి ఒక వెసులుబాటుంది. జపనీస్ వాక్యంలో కూడా క్రియ చివరికే వస్తుంది. "నేను అన్నం తింటాను" అని మనం ఏ వరసలో అంటామో వాళ్లూ అదే వరసలో అంటారు. కష్టమంతా రాతలో. రెండు అక్షరమాలలు, పైన కంజీ అనే చైనా లిపి అక్షరాలు. కంజీ దగ్గరే సగం మంది మానేస్తారు.

మా ఊరి తల్లిదండ్రులు ఏజెంటుకు రెండు లక్షలు ఇవ్వడానికి వెనకాడరు, కొడుకు ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చుని భాష నేర్చుకుంటానంటే మాత్రం "పనీ పాటా లేదా" అంటారు. ఇది నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా చెల్లి జీఎన్ఎం నర్సింగ్ చేసింది. జర్మనీ వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు బాబూ, అక్కడ నర్సులు బాగా కావాలి. 2022 డిసెంబరులో మన దేశానికీ జర్మనీకీ వలసలు, రాకపోకల ఒప్పందం కుదిరింది. 2024లో నైపుణ్యం ఉన్న భారతీయులకు ఇచ్చే వీసాలను ఏటా 20,000 నుంచి 90,000కు పెంచుతామని జర్మనీ ప్రకటించింది. నర్సుకి జర్మన్ భాష బీ1 అనే మధ్య స్థాయి వస్తే బయలుదేరవచ్చు, పూర్తి నర్సుగా గుర్తింపు రావాలంటే దాని పై మెట్టు బీ2 కావాలి. ఆ గుర్తింపు వచ్చేదాకా సహాయకురాలి జీతమే వస్తుంది. ఈ మధ్యకాలం గురించి ముందే అడిగి కాగితం మీద రాయించుకోమనండి. ఇంటర్ పాసైన పిల్లలకు ఆస్‌బిల్డుంగ్ అని ఇంకో దారి ఉంది. అక్కడే పని నేర్చుకుంటూ స్టైపెండ్ తీసుకోవడం. మన అప్రెంటిస్ లాంటిదే, భాష మాత్రం తప్పదు.

ఇజ్రాయెల్‌లో కట్టడం పనికి తీసుకుంటున్నారట?

2023లో ఒప్పందం కుదిరింది, 42,000 మంది కార్మికుల గురించి. అందులో ఎక్కువ మంది భవన నిర్మాణానికి, మిగతావాళ్లు సంరక్షణ పనికి. అక్కడ యుద్ధ పరిస్థితి గురించి నేను చెప్పక్కర్లేదు. ఇంట్లోవాళ్లందరూ కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోండి.

గల్ఫ్‌కి వెల్డర్‌గా వెళ్దామనుకుంటున్నా. ఏజెంటు లక్షా ఎనభై వేలు అడుగుతున్నాడు. ఇవ్వొచ్చా?

ఇవ్వొద్దు. మన దేశ నిబంధనల ప్రకారం లైసెన్సున్న ఏజెంటు తీసుకోగల సర్వీసు ఛార్జీ గరిష్టంగా 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. కలిపితే 35,400. రసీదు ఇవ్వాలి. లక్షా ఎనభై అడిగాడంటే, ఆ మిగతాది ఎందుకో అడగండి. "వీసా కొన్నాం" అంటాడు. వీసా ఖర్చు యజమానిది.

ఒక్కసారి వడ్డీ లెక్క వేయండి. రెండు లక్షలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకి ఆరు వేలు వడ్డీకే పోతుంది. ఏడాదికి డెబ్బై రెండు వేలు, అసలు అలాగే ఉంటుంది. మొదటి రెండు మూడు నెలలు జీతం చేతికి రాదనుకోండి, ఇంటి దగ్గర అప్పులవాడు వచ్చి కూర్చుంటాడు. వాడి టెన్షన్‌తోనే కుర్రాడు అక్కడ ఏ పనికైనా, ఏ జీతానికైనా తల ఊపేస్తాడు.

మా అన్నయ్య కొడుకు అలాగే వెళ్లాడు. విశాఖలో ట్రేడ్ టెస్టు పెట్టారు, 6జి అనే కష్టమైన పైపు వెల్డింగ్ బాగానే కొట్టాడు, వెల్డర్ అని ఆఫర్ లెటర్ ఇచ్చారు. అక్కడ దిగాక సంతకం పెట్టించిన కాగితంలో హెల్పర్ అని ఉంది. పదకొండు నెలలకి వెనక్కి వచ్చాడు. నేను వెల్డింగ్ మాస్టర్ని, నా ఇంట్లోవాడే ఇలా మోసపోయాడంటే నాకు సిగ్గుగానే ఉంటుంది. కాబట్టి ఉద్యోగం పేరు, మూల జీతం, ఓవర్‌టైం, తిండి, బస, తిరుగు టికెట్ ఎవరిది అన్నవి బయలుదేరకముందే కాంట్రాక్టులో చూసుకోండి. కాపీ ఇంట్లో ఒకటి పెట్టండి.

ఏజెంటు సరైనవాడా కాదా అని ఎలా తెలుస్తుంది?

1983 వలసల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఎవరూ మనుషుల్ని విదేశీ పనికి పంపకూడదు. లైసెన్సున్నవాళ్ల జాబితా విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉంటుంది. పేరు, లైసెన్సు నంబరు రెండూ కొట్టి చూడండి. పేరు కలిసి నంబరు కలవకపోతే వాడు ఇంకొకడి పేరు వాడుకుంటున్నాడని అర్థం. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటుకు చట్టంలో చోటే లేదు, వాడు మీ బాబాయి అయినా సరే.

పది పాసయ్యాను. నా పాస్‌పోర్టుకు క్లియరెన్సు అక్కర్లేదన్నారు. నిజమేనా?

నిజమే. పది పాసైతే ఈసీఆర్ ముద్ర, అంటే వెళ్లడానికి ప్రభుత్వ అనుమతి కావాలనే ముద్ర, లేని పాస్‌పోర్టు వస్తుంది. పది లేనివాళ్లు సౌదీ, యూఏఈ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, మలేషియాతో కలిపి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే వలసల సంరక్షకుడి అనుమతి తీసుకోవాలి. అందరూ ఆ ముద్ర లేకపోవడమే గొప్ప అనుకుంటారు. నాకు మాత్రం అలా అనిపించదు. ఆ అనుమతి దగ్గరే మీ కాంట్రాక్టును ప్రభుత్వం ఒకసారి చూస్తుంది. ముద్ర లేనివాడి కాంట్రాక్టును ఎవరూ చూడరు, వాడే చూసుకోవాలి.

విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్పించుకోవచ్చంటున్నారు.

వద్దు. విజిట్ వీసా మీద పని చేస్తే అక్కడి చట్టం దృష్టిలో నేరం మీదే, ఏజెంటుది కాదు. జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయడానికి నోరుండదు.

థాయ్‌లాండ్, కంబోడియాల్లో డేటా ఎంట్రీ ఉద్యోగం, నెలకి లక్ష అంటున్నారు?

డిగ్రీ చదివి కంప్యూటర్ నేర్చినవాళ్లని పట్టుకునే వల ఇది. అక్కడికి వెళ్లాక పాస్‌పోర్టు లాక్కుని, కూర్చోబెట్టి సైబర్ మోసాలు చేయిస్తారు. 2024 మేలో విశాఖ పోలీసులు ఇలా కంబోడియాకు మనుషుల్ని పంపిన ముఠాను పట్టుకున్నారు. మన ఉత్తరాంధ్ర కుర్రాళ్లకి ఇది దూరపు వార్త కాదు. డేటా ఎంట్రీకి లక్ష ఎవరిస్తారో ఒక్క నిమిషం ఆలోచించండి.

ఓడ మీద ఉద్యోగానికి మూడు లక్షలు కట్టమన్నారు.

ఓడ ఉద్యోగాలకు వేరే చట్రం ఉంది. 2006 నాటి సముద్ర కార్మికుల ఒడంబడికను మన దేశం 2015లో ఆమోదించింది. దాని ప్రకారం నావికుడి దగ్గర ఉద్యోగం ఇప్పించినందుకు డబ్బు తీసుకోకూడదు. నావికుల్ని పంపే కంపెనీకి డీజీ షిప్పింగ్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యాలయం ఇచ్చే ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సు ఉండాలి. ట్రైనింగ్ ఫీజు వేరు, అది గుర్తింపున్న సంస్థకే కట్టాలి. మూడు లక్షలు కట్టి దొంగ సీడీసీతో, అంటే దొంగ నావికుడి పుస్తకంతో, ఓడెక్కినవాడు ఏ రేవులో ఇరుక్కుంటాడో చెప్పలేం.

వెరావల్ బోటు పని విదేశీ పని కాదు కదా, దానికి ఈ గొడవలెందుకు?

కాదు. కానీ సముద్రంలో గీత కనబడదు. 2018లో గుజరాత్ తీరం నుంచి వేటకెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారుల్ని పాకిస్తాన్ పట్టుకుంది. ఏడాదికి పైగా జైల్లో ఉన్నారు, 2020 జనవరిలో వాఘా దగ్గర వదిలారు. రెండు దేశాల మధ్య 2008లో ఒక ఒప్పందం ఉంది. ఏటా జనవరి 1న, జులై 1న తమ జైళ్లలో ఉన్న అవతలి దేశంవాళ్ల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటారు. దేశాల సంబంధాలు ఎలా ఉన్నా ఆ జాబితా ఆగలేదు. అందుకే బోటెక్కేవాడు కూడా ఆధార్ కాపీ, మత్స్యకారుల గుర్తింపు కార్డు కాపీ ఇంట్లో పెట్టి వెళ్లాలి. ఆ జాబితాలో పేరు మనవాడిదేనని తేల్చాల్సింది ఇంటి దగ్గరి కాగితాలే.

మా అక్క కువైట్‌లో ఇంటి పనికి వెళ్తానంటోంది. వయసు 27.

పది పాసవ్వని ఆడవాళ్లకి ముప్పై ఏళ్లు నిండకుండా ఆ 18 దేశాలకు పనికి వెళ్లే అనుమతి ఇవ్వరు. నిండినా ఇంటి పనికైతే ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. మన రాష్ట్రానికి ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది, మనుషుల్ని విదేశీ పనికి పంపేది. దీన్ని తప్పించి విజిట్ వీసా మీద పంపుతామంటే ఆమెను ఎక్కనివ్వకండి. ఇంటి నాలుగు గోడల మధ్య పని, బయటివాళ్లకి కనబడదు. అక్కడ ఏం జరిగినా మనకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

అక్కడ ఏదైనా అయితే?

ప్రవాసీ భారతీయ బీమా యోజన అని ఉంది. రెండేళ్లకి 275 రూపాయలు, మూడేళ్లకి 375, పన్ను అదనం. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. ఈసీఆర్ వాళ్లకి ఇది తప్పనిసరి. ఒక పూట బిర్యానీ పార్టీకి ఇంతకంటే ఎక్కువే అవుతుంది.

జీతం ఇవ్వకపోతే, పాస్‌పోర్టు లాక్కుంటే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. దేశం లోపలినుంచి అడగడానికి ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 11 3090. రాష్ట్రం తరఫున ప్రవాసాంధ్రుల కోసం ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ఉంది. ఎండాకాలంలో యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని రూలు. ఇది తెలిసిన మేస్త్రీలు కూడా చెప్పరు, మీరే గుర్తుంచుకోండి. ఉద్దానంవాళ్లకి ఇంకో మాట. కిడ్నీ జబ్బు మన ఊళ్లల్లో ఎంత ఉందో మీకు తెలుసు. వెళ్లేముందు ఏజెంటు చేయించే మెడికల్‌తో పాటు మీ అంతట మీరు క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి.

జపాన్‌లో జీతంలో పెన్షన్ కోస్తారట. ఆ డబ్బు పోయినట్టేనా?

పోదు. జపాన్ వదిలిపెట్టిన రెండేళ్లలోపు దరఖాస్తు పెడితే కొంత మొత్తం ఒకేసారి వెనక్కి ఇస్తారు. ఇంకో సంగతి: మన దేశానికీ జపాన్‌కీ సామాజిక భద్రత ఒప్పందం 2016 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం అక్కడ పనిచేసిన ఏళ్లు లెక్కలోకి వస్తాయి. కానీ ఒకసారి డబ్బు వెనక్కి తీసుకుంటే ఆ ఏళ్లు లెక్కలోంచి పోతాయి. మళ్లీ వెళ్లే ఆలోచన ఉన్నవాడు తొందరపడకుండా చూసుకోవాలి.

వెళ్లకుండా ఇక్కడే ఉంటే తప్పా?

తప్పేముంది! పైడిభీమవరంలో ఫార్మా కంపెనీలున్నాయి, మూలపేట పోర్టు, భోగాపురం విమానాశ్రయం మన వాకిట్లోనే. అక్కడ అప్రెంటిస్‌గా చేరి రెండేళ్ల అనుభవం సర్టిఫికెట్ తెచ్చుకున్నవాడికి బయటి దేశం ట్రేడ్ టెస్టులో కూడా విలువ ఉంటుంది. పైదేశం వెళ్లాలన్న మనసు ఉన్నా ముందు ఇక్కడ చేతికి పని రానివ్వండి.

ముందుగా ఏం చేయమంటారు?

పాస్‌పోర్టు తీసుకోండి, మన జిల్లాలకు విశాఖ ప్రాంతీయ కార్యాలయం. పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, పాస్‌పోర్టులో పేరు, పుట్టిన తేదీ అక్షరం పొల్లు పోకుండా ఒకేలా ఉన్నాయా చూడండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట అక్షరం మాత్రమే ఉంటుంది మనవాళ్లకి. నా దగ్గరికి వచ్చిన కేసుల్లో ఎక్కువ ఆగిపోయింది దీనివల్లే. స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ వాళ్లని, ఓంక్యాప్ వాళ్లని కలిసి ఏ భాషకు, ఏ దేశానికి బ్యాచ్ నడుస్తోందో కనుక్కోండి. ఎవరికైనా డబ్బు కట్టేముందు కాగితాలు పట్టుకుని నా దగ్గరికి రండి. పొద్దున్నైతే మంచిది, మధ్యాహ్నం నేను పడుకుంటాను.